సర్దుడు కూలి

ఆ ఎండాకాలం మా కొట్టుకి మనుషులకన్నా పార్సిళ్లే ఎక్కువ వచ్చాయి. అన్నీ మేము పంపినవే. అలిగి పుట్టింటికొచ్చిన పిల్లల్లా ఒక్కొక్కటే గుమ్మంలో దిగేవి.

మాది పిల్లల బట్టల కొట్టు. ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో కుట్టు. బడి యూనిఫాంలకి మేము పెట్టింది పేరు. కత్తిరింపు అంతా మా ఆయనదే. వీధిలో అందరూ ఆయన్ని ముందుచూపు మాస్టారు అంటారు. ఏ పిల్లాడికీ ఆయన ఇవాళ్టి కొలతకి బట్ట కోసిన పాపాన పోలేదు. "పిల్లలు ఎదుగుతారు, గుడ్డ ఎదగదు" అంటారు. ఈ మాట నేను పెళ్లయిన కొత్తలో విని మురిసిపోయాను. తరవాత తరవాత వినీ వినీ చెవులు గట్టిపడ్డాయి.

బడులు తెరిచే రోజులే మాకు పంట. ఆ నాలుగు వారాల అమ్మకంతోనే ఏడాదంతా గడవాలి. ఈ మధ్య ఆ పంట పలచబడింది. జనం ఎండలో కొట్టుకి రావడం మానేసి, ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని ఫోనులో కొంటున్నారు. మావాడికి ఓపిక నశించింది. "ఇంక కుట్టడం చాలు. ఫ్యాక్టరీ నుంచి రెడీమేడ్ తెచ్చి అమ్ముకుందాం. నాన్న కూడా కాస్త విశ్రాంతి తీసుకుంటాడు" అన్నాడు. ఆ విశ్రాంతి అనే మాట వినగానే మా ఆయన మొహం పాలిపోయింది. చేతిలో సుద్దముక్క లేని రోజున ఆయనకి అన్నం సహించదు. ఆదివారం వస్తే ఏం చెయ్యాలో తోచక ఇంట్లో కర్టెన్ల కొలతలు తీస్తారు.

అప్పుడు మా కోడలు అడ్డు పడింది. "ఈ ఒక్క సీజను నాకివ్వండి. మన బట్టలు నేను ఫోనులో పెడతాను. అప్పటికీ గిట్టుబాటు కాకపోతే మీ ఇష్టం" అంది మొగుడితో. వాడు సరేనన్నాడు. ఆ పిల్ల ఒక్కో బట్టా మా ఆయన ముందు పెట్టి, "మామయ్యా, ఇది ఏ వయసుకి?" అని అడిగింది. ఆయన ఇది ఆరుకి, ఇది ఎనిమిదికి అని చెబుతుంటే రాసుకుంది, ఫోటోలు తీసింది, పెట్టేసింది. వారం తిరక్కుండా ఆర్డర్లు మొదలయ్యాయి. నా సంతోషం ఏం చెప్పను, పార్సిలు కట్టే టేపు అయిపోతే మావాడు పరుగెత్తుకెళ్లి తెచ్చేవాడు.

ఆ వెనకే తిరుగు టపా మొదలైంది.

* * *

"ఇలా లాభం లేదు అత్తయ్యా. రీస్టాకింగ్ ఫీజు పెడదాం" అంది కోడలు ఒక మధ్యాహ్నం. వెనక్కొచ్చిన బట్టలు నా ముందు గుట్టగా పడున్నాయి. నేను ఒక్కొక్కటీ దులిపి ఇస్త్రీ చేస్తున్నాను.

"అదేం ఫీజు?"

"వెనక్కి పంపిన వాళ్లకి పూర్తి డబ్బు ఇవ్వం. కొంత పట్టుకుని మిగతాది ఇస్తాం. పెద్ద పెద్ద వాళ్లంతా అలాగే చేస్తున్నారు. తిరిగొచ్చింది విప్పాలి, చూడాలి, ఇస్త్రీ చెయ్యాలి, మళ్లీ అరలో సర్దాలి కదా. దానికన్నమాట."

"అంటే సర్దుడు కూలి" అన్నాను. "ఆ పనంతా చేసేది నేను. మరి ఆ డబ్బు నా చేతికిస్తారా, గల్లాపెట్టెలో వేసుకుంటారా?"

కోడలు నవ్వింది. మావాడు నవ్వలేదు. వాడికి ఈ ఫీజు భలే నచ్చింది. "ఆట కాదమ్మా. కొందరు మూడు సైజులు తెప్పించుకుని ఒకటి ఉంచుకుని రెండు పంపేస్తారు. రానూపోనూ కొరియరు మనం పెట్టుకుంటే చివరికి చిప్పే మిగులుతుంది."

మా ఆయన వెనక గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మెడలో టేపు, చెవి మీద సుద్ద. "బట్ట నచ్చలేదని తిరిగిస్తే, నచ్చనందుకు వాళ్ల దగ్గర డబ్బు తీసుకుంటామా?" అని అడిగారు.

"నచ్చనందుకు కాదు మామయ్యా, మన శ్రమకి" అంది కోడలు.

"కొట్టులో పది చొక్కాలు విప్పించి ఒక్కటీ కొనకుండా పోయేవాళ్లు లేరా? వాళ్ల దగ్గర ఎప్పుడైనా తీసుకున్నామా?"

ఆ మాట నిజమే. కానీ గుట్ట మాత్రం కళ్లెదుట ఉంది. ఆయన దాని వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయారు. నేను కోడలి పక్షమే వహించాను. మాటలకేం, ఇస్త్రీపెట్టె దగ్గర చెమటలు కక్కేది నేను కదా.

ఫీజు పెట్టాక మావాడి మొహంలో కాస్త కళ వచ్చింది. వెనక్కొచ్చేవి తగ్గాయి, వచ్చినా చేతికి ఎంతో కొంత మిగులుతోంది. "చూశారా, ఇప్పుడు గాడిలో పడింది" అనేవాడు. తిరిగొచ్చే బట్టల మీద మరక గానీ, మాసిన వాసన గానీ ఉండేది కాదు. ఒక్కసారి తొడిగి చూసి విప్పేసినట్టు తెలిసిపోయేది. అది నేను చూశాను గానీ, చూసి ఊరుకున్నాను.

* * *

ఆ రోజు కోడలు స్నానానికి వెళ్లింది. దాని ఫోను మోగుతుంటే నేనే తీశాను.

అవతల ఒక ఆడమనిషి. ఆసుపత్రిలో నర్సునని, డ్యూటీ మధ్యలో పది నిమిషాలు దొరికితే చేస్తున్నానని ముందే చెప్పింది. తరవాత అందుకుంది. "మా వాడికి ఎనిమిదేళ్లని ఎనిమిదేళ్ల చొక్కా తీసుకున్నానండీ. మోకాళ్ల దాకా వచ్చింది. చేతులు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. వెనక్కి పంపితే ఫీజని కోసుకున్నారు. పెద్దది పంపింది మీరు, డబ్బు కోసుకున్నదీ మీరే. ఇదేం న్యాయం?"

నాకు తిక్క రేగింది. "అమ్మా, మీరు తొడిగి చూసి నలిపి పంపితే మళ్లీ ఇస్త్రీ చెయ్యక్కర్లేదా? ఊరికే అవుతుందా? కొనేముందు పిల్లాణ్ణి కొలుచుకోవాలి. మా మాస్టారు కోసిన బట్టకి వంక పెట్టినవాళ్లు ఇంతవరకూ పుట్టలేదు" అన్నాను.

"అయితే నేనే మొదటిదాన్ననుకోండి" అని పెట్టేసింది.

వెనక్కి తిరిగితే కోడలు తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని నిలబడి ఉంది. నేను జరిగింది చెప్పాను. చివర "నేనూ ఏం తక్కువ తినలేదులే, గట్టిగానే ఇచ్చాను" అన్నాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

"మోకాళ్ల దాకా అందా?" అంది కోడలు.

"ఏదో కోపంలో అంది."

ఆ పిల్ల పక్కింటికి వెళ్లి, వాళ్ల బుడ్డోడి చొక్కా ఒకటి అడిగి తెచ్చింది. వాడికీ ఎనిమిదే. ఎక్కడో కొన్న చొక్కా, మెడ దగ్గర ఎనిమిది అని అచ్చు వేసి ఉంది. దాన్ని బల్ల మీద పరిచి, మా ఎనిమిదేళ్ల చొక్కా దాని మీద పరిచింది. మాది నాలుగువైపులా దానికి అంచు కట్టినట్టు బయటికొచ్చింది. ఇంకో సైజు తీసింది, అదీ అంతే. ఆరేళ్ల గౌను ఎనిమిదేళ్ల పిల్లకి సరిపోయేలా ఉంది.

నాకు అప్పుడు వెలిగింది.

కొట్టుకి పిల్లాణ్ణి తీసుకొస్తే మా ఆయన వాణ్ణి స్టూలు ఎక్కిస్తారు. ఒక సైజు పెద్దది తొడుగుతారు. చేతులు, అంచు, పక్కలు వాడి ఒంటికి సరిపడా లోపలికి మడిచి పట్టుకుంటారు. నేను సూది పట్టుకుని పక్కనే ఉంటాను. ఆ మడతల మీద దూరం దూరంగా టాకాలు వేస్తాను. "ఈ ఏడాది ఇలా తొడగమ్మా. వచ్చే ఏడాది ఈ దారం లాగెయ్, చొక్కా మళ్లీ కొత్తది" అని ఆయన తల్లికి చెబుతారు. అందుకే ఎనిమిదేళ్ల వాడికి ఆయన ఇచ్చే చొక్కా అసలు పదేళ్లది. ఆయన దృష్టిలో అదే ఎనిమిది. కోడలు అడిగితే అదే చెప్పారు. పార్సిలులో వెళ్లే చొక్కాకి స్టూలు లేదు, మడత లేదు, నా టాకా లేదు, ఆయన చెప్పే మాటా లేదు. వట్టి పెద్ద చొక్కా వెళ్లింది.

"అయ్యో, ఆ టాకాలు వేసేదాన్ని నేను. నాకూ తట్టలేదే" అన్నాను.

కోడలు కుర్చీలో కూలబడింది. "తప్పు మనది పెట్టుకుని వాళ్ల దగ్గర ఫీజు తీసుకున్నాం అత్తయ్యా."

"సరే, ఇకమీదట తీసుకోవద్దు. మీ మామయ్యకి మాత్రం చెప్పకు" అన్నాను. ఎందుకన్నానో చెప్పాలి. పండగైనా జ్వరమైనా ఆ మనిషి బల్ల దగ్గర నిలబడి కోసిన కోతకి ఎవరూ పేరు పెట్టలేదు. ఇప్పుడు మీరు కోసింది తప్పు, అందుకే ఇన్ని వెనక్కొచ్చాయి అంటే, కత్తెర పక్కన పెట్టడానికి మావాడి ఫ్యాక్టరీ అక్కర్లేదు, ఆయనే పెట్టేస్తారు. నాకు ఆ భయమే.

"చెప్పకపోతే ఎలా? రేపు మళ్లీ అలాగే చెబుతారు, మళ్లీ అలాగే పంపుతాం" అంది కోడలు.

* * *

కోడలు వెనక గదిలోకి వెళ్తుంటే నేనూ వెంట వెళ్లాను. మాట తూలితే అడ్డుపడదామని. కోడలు ఆ చొక్కా ఆయన బల్ల మీద పెట్టింది.

"మామయ్యా, ఇది ఎనిమిదేళ్ల వాడికి ఎలా వస్తుందో ఒకసారి చూపిస్తారా?"

ఆయనకి ఇంతకన్నా ఇష్టమైన మాట లేదు. సుద్ద తీశారు. చెయ్యి ఎక్కడ మడవాలో, అంచు ఎంత లోపలికి తీసుకోవాలో, పక్కన ఎక్కడ పట్టాలో, గీతలు గీస్తూ చూపించారు. "ఇదిగో, ఇలా. వచ్చే ఏడాది దారం లాగేస్తే సరి. కొట్టుకొచ్చిన ప్రతి తల్లికీ చెబుతాను."

"పార్సిలు విప్పిన తల్లికి ఎవరు చెబుతున్నారు మామయ్యా?"

ఆ పిల్ల గొంతులో నింద లేదు. నిజంగానే అడిగినట్టు అడిగింది. ఆయన సుద్ద పట్టుకున్న చెయ్యి చొక్కా మీదే ఉండిపోయింది. ఆయన ఆ చొక్కాని చూశారు, గుమ్మం అవతల నా ఇస్త్రీ గుట్టని చూశారు.

"ఇవన్నీ అందుకే వచ్చాయా?" అన్నారు.

"దాదాపుగా."

"మరి ఆ సర్దుడు కూలి?"

"అందరి దగ్గరా తీసుకున్నాం."

ఆయన సుద్ద కింద పెట్టారు. ఇక కత్తెర వంతే అనుకున్నాను. కానీ ఆయన చేతులు దులుపుకుని, "మన బట్ట వేసుకోకుండానే మనకి డబ్బు కట్టారన్నమాట పాపం. తిరిగిచ్చెయ్యండి" అన్నారు.

మావాడు అప్పటికి లోపలికొచ్చాడు. విషయం విని నెత్తి పట్టుకున్నాడు. "నాన్నా, ఇకమీదట తీసుకోవద్దు, ఒప్పుకుంటాను. అయిపోయినవి ఎందుకు తవ్వడం? వాళ్లే ఊరుకున్నారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? కావాలంటే అడిగినవాళ్లకిద్దాం. ఆ నర్సుకి ముందిచ్చేద్దాం."

"అడిగినవాళ్లకే ఇస్తే, అరిచినవాళ్లకి ఇచ్చినట్టు" అంది కోడలు. "అరవనివాళ్లు ఏం పాపం చేశారు?"

"అదంతా ఇచ్చేస్తే ఈ సీజనులో మిగిలేది ఏమీ ఉండదు, తెలుసా? నువ్వే కదా ఈ ఒక్క సీజను ఇమ్మని అడిగావు. ఏం మిగల్లేదంటే మనం అనుకున్నదే చెయ్యాలి మరి."

అనుకున్నదేమిటో అందరికీ తెలుసు. కోడలి మొహం ఎర్రబడింది. తను ఇచ్చిన మాటకి తనే గొయ్యి తవ్వుకుంటోంది, అది దానికి తెలుసు. ఓడిపోతే తన మాటే కాదు, మామగారి కత్తెర కూడా పోతుంది. అయినా "చేద్దాం. అలాగే చేద్దాం. కానీ ముందు ఇది ఇచ్చేద్దాం" అంది.

మా ఆయన కోడలి వైపు తిరిగారు. "ఇస్తూ నాలుగు మాటలు రాయమ్మా. కోసినవాడు చెప్పడం మర్చిపోయాడని రాయి" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఇంత వయసొచ్చాక, ఆ మనిషి నోట ఆ మాట. మా ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లని నేను పుట్టింట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నానో. ఆ క్షణాన ఆ మాటలన్నీ వెనక్కి తీసుకున్నాను.

* * *

కోడలు రాసింది చదివి వినిపించింది. "మా కొట్టులో బట్ట పిల్లల వయసుకన్నా పెద్దదిగా కోస్తాం. లోపలికి మడిచి టాకా వేసుకుంటే ఈ ఏడాది సరిపోతుంది, టాకా తీసేస్తే వచ్చే ఏడాదికీ వస్తుంది. కోసినవాడు ఆ సంగతి మీకు చెప్పడం మర్చిపోయాడు. పెద్దదయిందని మీరు పంపేస్తే మేము ఫీజు పట్టుకున్నాం. అది మాకు రావలసింది కాదు. తిరిగి పంపుతున్నాం." ఎక్కడ మడవాలో చూపిస్తూ మా ఆయన సుద్దగీతల ఫోటో కూడా పెట్టింది. కింద ఇంకో మాట చేర్చింది. పిల్లల ఎత్తు చెబితే మేమే మడిచి టాకాలు వేసి పంపుతామని. ఆ టాకాలు వేసేది ఎవరో నన్ను అడగలేదు. అడగకపోయినా నాకు కోపం రాలేదు, ఆ రోజు నాకు దేనికీ కోపం రాలేదు.

డబ్బంతా వెళ్లిపోయింది. చాలామంది పుచ్చుకుని ఊరుకున్నారు. ఒకాయన "మరి కొరియరు ఖర్చు?" అని రాశాడు. "ఇంకా నయం, పిల్లాణ్ణి పెంచిన ఖర్చు అడగలేదు" అన్నాడు మావాడు. ఇంకొకావిడ ఇదేదో మోసమని భయపడి, ఆ డబ్బు ముట్టుకోనని రాసింది. కోడలు ఆవిడకి ఫోను చేసి ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

నర్సమ్మ ఫోను మళ్లీ నేనే తీశాను. గొంతు గుర్తుపట్టి గతుక్కుమన్నాను.

"మీరేనా, ఆ రోజు నాకు బాగా తలంటింది?" అంది.

"నేనేనమ్మా. తప్పు మాదేనని తరవాత తెలిసింది."

"రాసింది చదివాను. మా వార్డులో అందరికీ చూపించాను. ఆ చొక్కా ఉందా, ఇంకెవరికైనా ఇచ్చేశారా?"

"ఇక్కడే ఉంది."

"అయితే అదే పంపండి. రెండేళ్లు వచ్చే చొక్కా అని ముందే చెబితే ఎవరు వదులుకుంటారు? మా వాడి ఎత్తు రాసుకోండి. మాతో పనిచేసే ఇంకో ఇద్దరు మాట్లాడతారట, ఇస్తున్నాను."

తరవాత గంటసేపు నేను ఫోను పట్టుకునే ఉన్నాను. నేను ఎత్తులు చెబుతుంటే కోడలు రాసుకుంది. వెనక్కొచ్చిన గుట్టలోంచే ఒక్కొక్కటీ తీసి, మా ఆయన గుర్తులు పెడుతుంటే నేను టాకాలు వేశాను. నా వేళ్లకి సూదులు గుచ్చుకున్నా మనసు మాత్రం తేలిగ్గా ఉంది. బడులు తెరిచేలోగా గుట్ట సగానికి పైగా తరిగింది. మిగతాది తరగలేదు. అన్నీ కథల్లోలా జరగవు.

సీజను ముగిసింది. లాభమని చెప్పుకోవడానికీ లేదు, నష్టమని ఏడవడానికీ లేదు. మావాడు కోడల్ని ఒక్క మాటా అనలేదు గానీ ఫ్యాక్టరీ సంగతి వదిలేశానని కూడా అనలేదు. అందరం ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాం.

చివరికి ఒక పొద్దున కొట్టు తీస్తూనే మా ఆయనే కదిపారు. "అమ్మాయ్, వచ్చే ఏడాదికి నా కొలతలు మారుస్తాను. ఎనిమిదికి ఎంత కొయ్యమంటావో నువ్వు చెప్పు."

"ఏమీ మార్చొద్దు మామయ్యా. మడతలున్న చొక్కాలే కావాలని ఇప్పటికీ అడుగుతున్నారు. మీరు కోసినట్టే కొయ్యండి. ఏ వయసుకి ఏది అన్నది నేను సరిగ్గా రాసుకుంటాను, టాకాల సంగతి అత్తయ్య చూసుకుంటారు."

ఇద్దరూ మావాడి వైపు చూడలేదు. నేను చూశాను. వాడు గల్లాపెట్టె తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"గుడ్డ ఎన్ని తానులకి ఆర్డరు చెప్పమంటావు నాన్నా?" అన్నాడు తల ఎత్తకుండానే.

నాకు ఆ ముగ్గురిలో ఎవర్ని చూసి ఎక్కువ పొంగిపోవాలో తెలియలేదు. ఇలాంటి మనుషులు నా ఇంట్లో ఉన్నారని వీధిలోకెళ్లి చెప్పాలనిపించింది. తరవాత చెప్పాను కూడా, సిగ్గేముంది.

గుడ్డ విషయంలో మా ఆయన ఇంకొకరి మొహం చూడటం నేను ఎరగను. ఆ రోజు కోడలి మొహం చూశారు.

"నువ్వు చెప్పమ్మా" అన్నారు.

కోడలు కొంగు దోపుకుంది. "పోయినసారికన్నా ఎక్కువే చెప్పండి" అంది. మావాడు ఫోను తీశాడు.